ట్రైలర్ లాగే బండికి గేర్‌బాక్స్ ఉండాలా, వద్దా?

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు.

గ్రీన్ కార్డు వచ్చాక ఆవిడ ఉద్యోగం మానేసి టిఫిన్ల ట్రైలర్ పెట్టుకున్నారు. దోసెలు, పునుగులు, పెసరట్టు ఉప్మా. వారాంతాల్లో ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ చుట్టుపక్కల అమ్ముతారు. నెలకోసారి ఆస్టిన్‌లోనో హ్యూస్టన్‌లోనో పెళ్లి ఆర్డరో, తెలుగువాళ్ల పండగో తగులుతుంది. సామాన్లతో కలిపి ట్రైలర్ 7,000 పౌండ్లు ఉంటుందని అమ్మినవాళ్లు చెప్పారట. ఆవిడ ఎప్పుడూ తూయించలేదు. లాగే పికప్ పాతది, మూడేళ్ల కిందట భర్త చూసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నడిపేది ఆవిడే.

మొన్న జూలైలో ఆస్టిన్ వెళ్తుండగా వేకో దాటాక బండి మొరాయించింది. ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలదు. కింద నుంచి కాలిన వాసన. టో ట్రక్ వచ్చేసరికి ట్రైలర్‌లో పిండి పొంగి డబ్బాల మూతలు లేచిపోయాయి. పెళ్లివాళ్ల అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు. ట్రాన్స్‌మిషన్ మొత్తం విప్పి కట్టడానికి 6,500 డాలర్లు అవుతుందని మెకానిక్ అన్నాడు.

ఇక ఇంట్లో తలా ఒక మాట. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "గేర్‌బాక్స్ అన్నదే పోతోంది, దాని మీద డబ్బు తగలేయడమెందుకు? ఎలక్ట్రిక్ తీసుకుందాం" అంటారు. మిడ్‌ల్యాండ్‌లో ఆయిల్ ఫీల్డ్ పనికి బరువులు లాగే మరిది "డీజిల్ తప్ప ఏది కొన్నా డబ్బు దండగ, వదినా" అంటాడు. కాలేజీలో చదివే కొడుకు, కరెంటు బండిలోనే పెట్రోల్ జనరేటర్ ఉండే రకం వస్తోంది, రెండేళ్లు ఆగుదామంటాడు. ఆవిడ మధ్యలో ఏదో అడగబోతే మరిది ఎదుటే భర్త "నీకు బండ్ల గురించి ఏం తెలుసు" అన్నారట. "ట్రైలర్ బొమ్మ ఉన్న బటన్ ఒకటి స్టీరింగ్ పక్కన ఉంది. మూడేళ్లలో మేమెవరం దాన్ని నొక్కలేదు. తప్పు నాదేనా?" అని కూడా అడిగారు.

అమ్మా,

ముందు ఆ బటన్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అది మిమ్మల్ని తొలుస్తున్నట్టుంది.

ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని ఆన్ చేస్తే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా, ఇది అలాంటిదే. గాలి బదులు ఆయిల్ ఉంటుంది. రెండోది ఎప్పుడూ కాస్త వెనకబడే తిరుగుతుంది, ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్‌లోకి దిగుతుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు లోపల ఒక క్లచ్ పడి రెండింటినీ కలిపి బిగిస్తుంది కాబట్టి వేడి తగ్గుతుంది. ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఆ బిగింపు నిలవదు. వెనక ఏడు వేల పౌండ్లు, పైన టెక్సస్ జూలై ఎండ, బండి పై గేర్‌కీ కింద గేర్‌కీ మధ్య ఊగిసలాట. ఆయిల్ అలా కాగి కాగి పట్టు కోల్పోతుంది, లోపలి క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. మీకు వచ్చిన వాసన ఆ ఆయిల్‌దీ ఆ ప్లేట్లదీ.

ట్రైలర్ బొమ్మ ఉన్న బటన్ ఈ ఊగిసలాటను తగ్గిస్తుంది. అది నొక్కితే బండి తొందరపడి పై గేర్‌లోకి పోదు, కన్వర్టర్‌ను వీలైనంత బిగించి ఉంచుతుంది, పల్లంలో బ్రేక్ తొక్కితే తానే గేర్ దించి ఇంజిన్‌తో ఆపుతుంది. నొక్కినంత మాత్రాన పాత గేర్‌బాక్స్ కొత్తదైపోయేది కాదు గానీ వేడి తగ్గేది. బండి అమ్మినవాళ్లు తాళంచెవి ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు చెప్పాల్సిన మాట ఇది. దాన్ని తప్పుగా మీ నెత్తిన వేసుకోకండి.

ఇప్పుడు మీ వారి మాట. గేర్‌బాక్స్ పోతోందన్నది సగం నిజం. క్లచ్ తొక్కి చేత్తో గేర్లు మార్చే రకం అమెరికాలో పెద్ద పికప్‌లలో ఇప్పటికే పోయింది. చివరికి మిగిలింది రామ్ కంపెనీ హెవీ డ్యూటీ పికప్, అదీ 2018తో ఆగింది. ఆటోమేటిక్ మాత్రం ఈ పదిహేనేళ్లలో బాగా ముదిరింది. 2013లో రామ్ 1500కి ఎనిమిది గేర్లు వచ్చాయి. ఫోర్డ్, జీఎం కలిసి తయారుచేసుకున్న పది గేర్లది 2017లో ఫోర్డ్ పికప్ ఎఫ్-150లోకి వచ్చింది. అన్ని గేర్లు దేనికంటే, గేరుకీ గేరుకీ మధ్య దూరం తగ్గితే బరువు లాగే ఇంజిన్ తన బలం ఉన్న చోటే తిరుగుతూ ఉంటుంది. పది దాటి పోయే తొందర ఇప్పుడు ఎవరికీ ఉన్నట్టు లేదు. 2021లో ఫోర్డ్, 2022 మోడల్ టండ్రాతో టయోటా కొత్త గేర్లు కలపడం మాని ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఒక ఎలక్ట్రిక్ మోటారు ఇరికించాయి. కదిలేటప్పుడు, అంటే మీ గేర్‌బాక్స్ చచ్చిపోయిన సరిగ్గా ఆ సమయంలో, మోటారు ఒక చెయ్యి వేస్తుంది.

పూర్తి ఎలక్ట్రిక్‌లో మార్చే గేర్లే లేవు. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి ఒకే గేరు చాలు. కన్వర్టర్ లేదు, కాలడానికి క్లచ్ ప్లేట్లు లేవు. ట్రైలర్‌తో సిగ్నల్ దగ్గర కదలడం ఇంత హాయిగా ఉంటుందా అనిపిస్తుంది. ఇక్కడివరకూ మీ వారు చెప్పింది అక్షరాలా నిజం. చిక్కు ఆస్టిన్ రోడ్డు మీద వస్తుంది. ఫోర్డ్ ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగ్‌లో పెద్ద బ్యాటరీ ఉన్నదానికి 320 మైళ్లు అని రాసి ఉంటుంది. ట్రైలర్ తగిలిస్తే అందులో సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దీనికి బరువుకన్నా గాలే ఎక్కువ కారణం. మీ ట్రైలర్ ముందు భాగం నిలువు గోడలా ఉంటుంది, డెబ్బై మైళ్ల వేగంలో దాన్ని గాలిలోకి నెట్టడానికే కరెంటంతా పోతుంది. మీ ఇంటి నుంచి ఆస్టిన్ ఇంచుమించు 200 మైళ్లు. అంటే వేకోలో ఆగాలి. చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్‌తో సహా దూరి బయటికొచ్చే వీలుండదు, విప్పి పక్కన పెట్టి, ఛార్జ్ అయ్యాక మళ్లీ తగిలించుకోవాలి. పిండి డబ్బాలతో, జూలైలో.

పైగా ఆ దారిలో నడిచిన కంపెనీలే ఒకడుగు వెనక్కి వేశాయి. రామ్ 2025 సెప్టెంబర్‌లో పూర్తి ఎలక్ట్రిక్ పికప్ ఆలోచన మానుకుంది. డిసెంబర్‌లో ఫోర్డ్ ఇప్పుడున్న లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నామనీ, తర్వాత వచ్చేది జనరేటర్ ఉన్న రకమనీ ప్రకటించింది. కొత్త ఎలక్ట్రిక్ బండికి కేంద్రం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను మినహాయింపు 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది. టెక్సస్‌లో కొత్త ఎలక్ట్రిక్ బండి రిజిస్ట్రేషన్‌కు మొదట 400, తర్వాత ఏటా 200 డాలర్లు అదనం.

అలాగని ఆ మాట కొట్టిపారేయకండి. మీ పని ఎక్కువ భాగం ఇంటికి ముప్పై నలభై మైళ్ల లోపలే కదా. ఆ పనికి ఎలక్ట్రిక్‌ను మించింది లేదు. రాత్రి ఇంట్లో ఛార్జింగ్, పొద్దున్నే ట్రైలర్. సరైన ప్యాకేజీ ఉన్న లైట్నింగ్ 9.6 కిలోవాట్ల కరెంటు బయటికి ఇస్తుంది, మీ ఫ్రిజ్‌లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాని మీదే నడిచిపోతాయి. జనరేటర్ రొద లేకుండా దోసెలు పోయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆస్టిన్, హ్యూస్టన్ ఆర్డర్లకు మాత్రం ట్రైలర్ లాగనిచ్చే చోట పెద్ద ట్రక్కు అద్దెకు తీసుకోవాలి. మామూలు కారు అద్దె కంపెనీలు చాలావరకు లాగడానికి ఒప్పుకోవు, వాణిజ్య ట్రక్కులు ఇచ్చేవాళ్లను వెతకాలి. ఏడాదికి ఆ అద్దె ఎంతవుతుందో లెక్క వేశాకే ఈ దారి మంచిదో కాదో తేలుతుంది.

మీ అబ్బాయి చెప్పేది నాకు ఇంజనీరింగ్‌గా చూస్తే అన్నిటికన్నా నచ్చింది. రామ్ తేబోయే బండిలో 92 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, దాంతోపాటు ఒక వీ6 పెట్రోల్ ఇంజిన్ ఉంటాయి. ఆ ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధమే లేదు, 130 కిలోవాట్ల దాకా కరెంటు తయారుచేయడమే దాని పని. మీలాంటి ట్రైలర్‌ను హైవే మీద లాగడానికి నా అంచనాలో 60, 70 కిలోవాట్లు సరిపోతాయి. అంటే ట్యాంకులో పెట్రోల్ ఉన్నంతసేపూ బ్యాటరీ అయిపోతుందన్న బెంగ ఉండదు, నింపుకుంటే మళ్లీ పోవచ్చు. గేర్‌బాక్స్ లేదు, వేకోలో ట్రైలర్ విప్పే పనీ లేదు. 14,000 పౌండ్లు లాగుతుందని కంపెనీ మాట. కానీ ఆ బండి చెప్పిన తేదీకి రాకుండా ఇప్పటికే వాయిదాల మీద వాయిదాలు పడింది. వచ్చినా మొదటి ఏడాది బండిని, వ్యాపారం మొత్తం దాని మీద ఆధారపడినవాళ్లు కొనడం నాకు ఇష్టం ఉండదు. అందులో ఏం చెడుతుందో ఎక్కడో ఒకరి బండి చెడితేగానీ తెలియదు. ఆగేట్లయితే ఆ రెండు మూడేళ్లూ దేంతో లాగుతారన్నది మీ అబ్బాయినే అడగండి. సెమిస్టర్ ఫీజు కట్టేది ఆ పునుగులే.

మరిది మాటకు వస్తే, ఆయన చేసే పనికి అది సరైన మాటే. డీజిల్‌కు కింది వేగంలోనే బలం ఎక్కువ, పల్లాల్లో, పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ప్రాణం నిలబెడుతుంది, దాని గేర్‌బాక్సులు కూడా అందుకు తగ్గట్టే కట్టినవి. కానీ పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు ఎక్కాల్సిన కొండ ఏదీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి హైవే మీద ఎక్కువసేపు పరుగెత్తాలి. పది మైళ్లు పోయి, ఆపి, ఐదు గంటలు నిలబెట్టి, మళ్లీ పది మైళ్లు వచ్చే మీ వాడకం దానికి పడదు. ఫిల్టర్ పూడుకుపోతే అయ్యే ఖర్చు మీ గేర్‌బాక్స్ ఖర్చుకు చెల్లెలు. ఇంజిన్‌కు ఇచ్చే ఎక్స్‌ట్రా ధర సరేసరి, వేల డాలర్లలో ఉంటుంది.

ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ ఎవరూ బండి తలుపు తీసి చూడలేదు.

డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే అంచు దగ్గర పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద ఉంటుంది. ప్రకటనల్లో చెప్పే "పదకొండు వేలు లాగుతుంది, పదమూడు వేలు లాగుతుంది" అన్న అంకె కంటే మీకు ఈ చిన్న స్టిక్కరే పెద్దది. ప్రకటనల అంకెకు కూడా ఒక పద్ధతి ఉంది లెండి. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పదకొండు మైళ్లకు పైబడిన ఎక్కుడును, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా వేసి ఎక్కించి చూస్తారు. కాబట్టి అది ఉత్త కోతలు కాదు. కానీ ఆ బండిలో మీ సామాను ఉండదు.

లెక్క చూడండి. ట్రైలర్ నిజంగా 7,500 ఉందనుకుందాం. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే బండి వెనక భాగం మీద కూర్చోవాలి, లేకపోతే ట్రైలర్ ఊగుతుంది. అంటే సుమారు 950 పౌండ్లు. మీరూ, సాయం వచ్చే అమ్మాయీ కలిసి 300. వెనక జనరేటర్, పిండి డబ్బాలు, మడత టేబుళ్లు ఇంకో 300. మొత్తం 1,550. ఎఫ్-150, రామ్ 1500 లాంటి మామూలు పికప్‌లలో (వీటినే సగం టన్నువి అంటారు) చాలా వాటి స్టిక్కర్ మీద ఉండేది దాదాపు ఇంతే, కొన్నింటికి ఇంకా తక్కువ. హైబ్రిడ్ అయితే బ్యాటరీ బరువు కూడా అందులోంచే పోతుంది. మీ పాత బండి లాగలేకపోవడానికి గేర్‌బాక్స్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పాపం, దాని నడ్డి మీద మొదటి రోజు నుంచే బరువు ఎక్కువై ఉంటుంది.

కాబట్టి బండి కొనే ముందు ఒక పని చేయండి. పూర్తిగా సర్దిన ట్రైలర్‌తో, పొయ్యి, సిలిండర్లు, అన్నీ ఉన్న రోజున, హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ తూకం మీదకు తీసుకెళ్లండి. పాత బండి కదలదు కాబట్టి ఎవరిదైనా ట్రక్కు అడగండి, మీ మరిది వస్తే మరీ మంచిది. అయ్యేది కొద్ది డాలర్లే. అలాగే నీళ్ల ట్యాంకు ఇంట్లో నింపుకుని బయల్దేరుతున్నారా? గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైచిలుకు. 50 గాలన్లంటే 400 పౌండ్లు ఊరికే ఆస్టిన్ దాకా మోస్తున్నారు. మంచి నీళ్లు దొరికే చోటైతే అక్కడికి వెళ్లాక నింపుకోండి.

ట్రైలర్ తూకం 6,000 లోపు వచ్చి, స్టిక్కర్ లెక్క సరిపోతే పాత బండినే బాగుచేయించడం తప్పేమీ కాదు. అప్పుడు టార్క్ కన్వర్టర్ కొత్తది వేస్తున్నారా, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌ను మారుస్తున్నారా అని అడగండి. పాత ముక్కలు కూలర్‌లో మిగిలిపోతే కొత్త గేర్‌బాక్స్‌నూ అవే తింటాయి. అదనంగా పెద్ద కూలర్ పెట్టించి, ఆయిల్ వేడి డాష్‌బోర్డు మీద కనబడేట్టు చేయించండి. 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఉంటే భయం లేదు. 240 దాటి దిగకపోతే పక్కకు ఆపి ఇంజిన్ న్యూట్రల్‌లో కాసేపు నడవనివ్వాలి. మూడేళ్ల వారంటీ ఇచ్చే చోటే చేయించండి, కాస్త ఎక్కువైనా సరే. వారంటీలో వాణిజ్య వాడకం చెల్లుతుందో లేదో చదవండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు.

తూకం 7,500 పైన వస్తే నేను మొగ్గేది ముప్పావు టన్ను, అంటే ఇంకా ఎక్కువ బరువుకు కట్టిన పెట్రోల్ బండి వైపు. డీజిల్ కాదు, పెట్రోల్. స్టిక్కర్ మీద మూడు వేల పౌండ్ల దాకా ఉండేవి దొరుకుతాయి. జీఎం వాళ్లు 2024 మోడల్ నుంచి పెట్రోల్ ఇంజిన్‌కు కూడా పెద్ద ట్రక్కుల గేర్‌బాక్సులకు పేరుపడ్డ అలిసన్ పేరున్న పది గేర్లది ఇస్తున్నారు, రెండేళ్ల పాతవి చూడండి. పెట్రోల్ ఎక్కువే తాగుతుంది, పార్కింగ్‌లో పట్టదు, ఊళ్లో నడపడం మోటుగా ఉంటుంది. ఇవన్నీ మీరే భరించాలి, మరి మంచి నిద్ర కూడా మీదే. మధ్యలో పడితే హైబ్రిడ్ ఎఫ్-150 చూడొచ్చు. అందులో 7.2 కిలోవాట్ల కరెంటు ఇచ్చే రకం ఉంది, అది తీసుకుంటే వెనక మోసే జనరేటర్ మానేయొచ్చు, ఆ బరువూ తగ్గుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు కొందరు ఇళ్లు నడుపుకున్నది ఈ బండ్ల మీదే. స్టిక్కర్ మాత్రం ఏ బండికి ఆ బండి చూసుకోవాలి, ఒకే మోడల్‌లో కూడా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు ఉంటే అంకె పడిపోతుంది.

ఏది కొన్నా మీ ఎల్‌ఎల్‌సీ, అంటే వ్యాపారానికి పెట్టుకున్న కంపెనీ పేరు మీదే కొనండి. నిండుగా ఎక్కించినప్పటి మొత్తం బరువు పరిమితి 6,000 పౌండ్లు దాటిన వ్యాపార వాహనాలకు పన్ను చట్టంలోని సెక్షన్ 179 కింద వెసులుబాటు ఉంది, మీ పన్నులు చూసే సీపీఏను అడగండి. ఇన్సూరెన్సు కూడా వాణిజ్యానిదే తీసుకోండి. ఇంటి బండి పాలసీతో వ్యాపారం ట్రైలర్ లాగుతూ ఏదైనా జరిగితే క్లెయిమ్ కొట్టేసే అవకాశం ఉంది.

ఇక ఇంట్లో సంగతి. "నీకు ఏం తెలుసు" అన్న మాట బాగా నొప్పించి ఉంటుంది, అందులోనూ మరిది ముందు. పాత బండి ఎంచింది మీ వారే కదా. అది నడిరోడ్డు మీద ఆగిపోతే ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంటుంది. గేర్‌బాక్స్ అన్నదే పాత చింతకాయ పచ్చడి అనేస్తే, తాను ఎంచిన బండి మీద మాట రాదు. ఇది నా ఊహే, మీకే బాగా తెలుస్తుంది. ఆ మాట గురించి ఏమీ అనకుండా లెక్కల కాగితం ముందు పెట్టి మాట్లాడొచ్చు. బండి నిర్ణయం తొందరగా తెములుతుంది, ఆ మాట మాత్రం లోపలే ఉండిపోతుంది, ఇంకో గొడవలో బయటికొస్తుంది. లేదా ఇద్దరే ఉన్నప్పుడు "అందరి ముందూ అలా అన్నావు, నాకు కష్టమనిపించింది" అని చెప్పి, రెండు రోజుల తర్వాత బండి సంగతి ఎత్తొచ్చు. ఆలస్యమవుతుంది, ఒక పూట మాటలు ఉండకపోవచ్చు కూడా. నేనైతే రెండోదే అంటాను, కానీ మీ ఇంటి వాతావరణం నాకు తెలియదు.

ఆయన్ను ఈ పనిలోంచి పక్కకు తప్పించకండి. అద్దె ట్రక్కులు ఎవరిస్తారు, ఏడాదికి ఎంతవుతుంది, ఏ బండికి స్టిక్కర్ ఎంత అన్నవన్నీ వెతకడం ఆయనకు చిటికెలో పని. పట్టిక ఆయన్ను చేయమనండి. టెస్ట్ డ్రైవ్‌కు మాత్రం మీరే స్టీరింగ్ పట్టుకోండి. ఉత్త బండి నడిపి చూస్తే లాభం లేదు. డీలర్ ఒప్పుకుంటే మీ ట్రైలర్ తగిలించి, సాయంత్రం ఐదున్నరకు ఐ-35 మీదకు ఎక్కించండి. ఆ ట్రాఫిక్‌లో అరగంట నడిపాక ఆయిల్ వేడి ఎంతుందో చూసి, ఆ అంకె పట్టికలో మీ చేత్తో రాయండి.